తాళం వేసిన ఇంట్లో వరాలు

మొన్నామధ్య నేను స్టేషనుకి పరుగెత్తిన సంగతి ఊరంతా తెలుసు. చేతిలో జున్నుగిన్నె, కొంగు ఎక్కడుందో తెలీదు, జుట్టు ముడి ఊడిపోయి వీపు మీద! దారిలో ఒకాయన సైకిలు దిగి మరీ దండం పెట్టాడు, ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకున్నాడు పాపం. ఎందుకు పరుగెత్తానో మాత్రం ఎవరికీ తెలీదు. మీకు చెబుతాను, ఇటు జరగండి. మా సన్యాసిరావు చెవిన మాత్రం పడనివ్వకండి. ఇప్పుడే చెప్పేయాలి. ఈ మధ్య ఏ సంగతైనా రేపటికని దాచుకుంటే, రేపు ఆ దాచిన చోటు గుర్తుండటం లేదు నాకు.

స్టేషను వెనక నాకొక పెంకుటిల్లు ఉంది కదా. స్టేషను బోర్డు మీద చికాకోల్ రోడ్డని రాసుకున్నా, మాకది ఆమదాలవలస స్టేషనే. చిన్న ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో నుయ్యి, వీధివైపు అరుగు. మా ఆయన పోయాక నా వడ్డాణం ఇచ్చేసి కొనుక్కున్నాను. "నడుముకి పెట్టుకునేది ఇచ్చి నెత్తి మీద పెంకులు కొనుక్కుంది" అని అందరూ నవ్వారు. నవ్వనీండి. వడ్డాణం పెట్టెలో పడి నిద్రపోతుంది. ఇల్లయితే నేను నిద్రపోతున్నా అద్దె తెస్తుంది. పచారీ పొట్లాల కాగితాలు విప్పి చదువుకుంటూ అక్షరాలు నేర్చినదాన్ని, ఆ మాత్రం నాకూ తెలుసు.

తెలియనిదల్లా అద్దెకొచ్చేవాళ్ళ సంగతి! మొదట దిగినాయన వంటింట్లో మేకని కట్టేశాడు. "ఇదేటి నాయనా?" అంటే, "బయట కడితే పులి ఎత్తుకుపోదేటమ్మా?" అన్నాడు. స్టేషను వెనక పులి! రైలు దిగి వస్తుందేమో. ఆ తరవాత వచ్చినావిడ "నేనూ మా ఆయనే" అని చెప్పి తాళంచెవి పుచ్చుకుంది. కొన్నాళ్ళకి నేను వెళ్ళి చూస్తే అత్తగారు, ఆడబిడ్డలు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లలకి చదువు చెప్పే పంతులు! "వీళ్ళంతా ఎవరమ్మా?" అంటే "సూసి పోదామని వొచ్చినారు" అంది. ఏడాది పొడుగునా చూస్తూనే ఉన్నారు. విశాఖపట్నంలో బాంబు పడిందని జనం ఇటు పరుగెత్తుకొచ్చినప్పుడైతే నా అరుగు మీద కూడా పొయ్యిలు వెలిగాయి. భయం తగ్గగానే ఎక్కడివాళ్ళు అక్కడికి పోయారు. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయింది.

ఖాళీ అవగానే వచ్చాడు సన్యాసిరావు. మా బావగారి కొడుకు. బియ్యం మిల్లులో పనిచేస్తాడు. మంచివాడే. నా మంచి నాకంటే వాడికే ఎక్కువ తెలుసు, అదే వాడితో కష్టం.

"పిన్నమ్మా, ఖాళీ కొంపకి సెదలు పట్టెస్తాది. లేదంటే ఏ సర్కారు ఆఫీసరుకో ఇచ్చీమని ఆర్డరు వస్తాది. మా షావుకారు బస్తాలేసుకోడానికి అడుగుతున్నాడు. ఆయనకి అమ్మీ."

"అద్దెకొస్తార్రా ఎవరో ఒకరు."

"వొస్తే మాత్రం నువ్వు సూసుకోగలవేటి? మొన్న మా ఇంటికొచ్చి, మా అరుగు మీద కూకోని, నన్ను పట్టుకుని 'ఎప్పుడొచ్చావురా' అని అడిగినావు."

అడిగాను. నిజమే.

"నీకు మరుపొచ్చీసింది పిన్నమ్మా. ఆ తాళంచెవి ఇలాగిచ్చీ."

మరుపు అన్న మాట వింటే నాకు మెట్టు లేని చోట కాలు పెట్టినట్టుంటుంది. మా అమ్మ ఆఖరి రోజుల్లో నా చేతి ముద్ద తింటూ "నువ్వెవరమ్మాయివే, బాగా కలిపావు" అనేది. తాళంచెవి ఇచ్చేశానంటే నా వడ్డాణమంత ఇల్లూ పోతుంది. అదొక ఎత్తు. ముసలిదానికి బుర్ర పోయిందని ఊరంతా ఒప్పేసుకోవడం ఇంకొక ఎత్తు. ఆ కంగారులో నోటికేదొస్తే అది అనేశాను.

"ఇల్లు ఖాళీ ఎక్కడుందిరా? నిన్ననే ఇచ్చేశాను."

"ఎవులికి?"

"వరాలుకి."

"వరాలెవులు?"

"గార్డు పెళ్ళాం."

"ఏ గార్డు?"

"రైలు గార్డు! గార్డులు రైలుకి కాక ఎద్దుబండికి ఉంటార్రా?"

"మరి ఆ మనిషి అగుపడ్డాడు కాదే?"

"ఎప్పుడూ డ్యూటీ మీదే ఉంటాడు. ఆ పిల్లకి సిగ్గు, గడప దాటదు. మొగుడు లేని వేళ నువ్వటు వెళ్ళకు, బాగుండదు."

ఆ ఆఖరి మాట ఎవరు పలికించారో గానీ, బాగా పనిచేసింది. ఒంటరి ఆడమనిషి ఉన్న ఇంటివైపు మా సన్యాసిరావు తలెత్తి కూడా చూడడు. తల ఊపి వెళ్ళిపోయాడు.

సరే, అనడమైతే అన్నాను. ఇంట్లో మనిషి ఉన్నట్టు ఊరికి తెలియాలి కదా! మన వైపు ఇంట్లో మనుషులున్నారో లేరో తలుపు తట్టి ఎవరడుగుతారు? వాకిట్లో కళ్ళాపి తడి, ముగ్గు, తాడు మీద చీర, పెంకుల్లోంచి పొగ, సందెవేళ గూట్లో దీపం. ఇవుంటే కాపురం ఉన్నట్టే. తెల్లవారకముందే వెళ్ళి కళ్ళాపి జల్లి ముగ్గేసేదాన్ని. నా పెట్టె అడుగున మడతలు పడి ఉన్న పాత రంగు చీర ఒకటి తీసి, తడిపి, తాడు మీద ఆరేసేదాన్ని. సాయంత్రం కొబ్బరి పీచు రాజేసి పొగ పెట్టి, ఆముదం దీపం వెలిగించేదాన్ని. కిరసనాయిలు దొరకని రోజులాయె! వీధి తలుపుకి లోపల గడియ పెట్టి, పెరటి తలుపుకి తాళం వేసి, దడి పక్కనుంచి నేనుండే ఇంటికి వచ్చేసేదాన్ని.

మొదట్లో దీపం పెట్టి వెంటనే వచ్చేసేదాన్ని. తరవాత తరవాత, దీపం కొండెక్కిపోకుండా కాసేపు చూద్దామని కూర్చునేదాన్ని. ఆ కాసేపే నన్ను ముంచింది.

సందె చీకట్లో ఖాళీ ఇల్లు ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? దూరం నుంచి గూడ్సుబండి వస్తుంటే ముందు పెంకులకి తెలుస్తుంది. అవి గలగలమంటాయి. తరవాత దీపం వణుకుతుంది. గోడ మీద నా నీడ లేచి వంటింట్లోకి వెళ్ళి వస్తుంది. నూతిలోంచి చల్లగాలి, ఎవరో స్నానం చేసి తలుపు తీసినట్టు. ఆ నీడకేసి చూస్తూ చూస్తూ నేను వరాలుని తయారు చేసుకున్నాను. కనకాంబరాలు కడుతుంది. దారం పళ్ళతో తుంపుతుంది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు. పాట పూర్తిగా రాదు, వచ్చిన ముక్కే మళ్ళీ మళ్ళీ పాడుకుంటుంది. గోడకి ఒక్క మేకు కొట్టదు. నూతి చేద చప్పుడు కాకుండా దింపుతుంది. రైలు వచ్చే వేళకి పెరటి గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడుతుంది. అటు ఆఖరి పెట్టెలోంచి మొగుడు పచ్చదీపం ఊపుతాడు. అంతే వాళ్ళ కాపురం. దీపానికి దీపం.

ఒకరోజు ఎలా ఉంటుందో చూద్దామని నేనే గుమ్మంలో నిలబడి దీపం ఎత్తాను. పోతున్న గూడ్సు ఆఖరి పెట్టెలోంచి పచ్చదీపం ఊగింది! ఎవరో ఏమిటో. ఇంటికొచ్చి అన్నం వడ్డించుకుని కూడా తినకుండా కూర్చున్నాను. మా ఆయన ఎప్పుడూ నాకోసం దీపం కాదు కదా, చెయ్యైనా ఊపలేదు.

ఇక ఊరు ఊరుకుంటుందా? పాలు పోసే పైడమ్మ మొదలెట్టింది.

"అమ్మా, మీ ఇంట్లో దిగినావిడ నా పాలొద్దంటాదేటి?"

"ఆ పిల్లకి పాలు పడవే."

"సూసినాను నేను. సన్నంగా, తెల్లంగా ఉన్నాది. నిన్న సందెకాడ దడి సందులోంచి అగుపడ్డాది."

నన్నే చూసి ఉంటుంది! ఇన్నేళ్ళలో నన్ను సన్నంగా, తెల్లంగా అన్న మనిషి ఎవరూ లేరు. కాదనబుద్ధి కాలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చింది. "ముక్కుకి బేసరి ఉన్నాదమ్మా, మెరిసింది." ఆ మాట వినగానే, ఇన్నాళ్ళూ వరాలు ముక్కు అంత బోసిగా ఎందుకు పెట్టుకున్నానా అనిపించింది. వెంటనే బేసరి పెట్టేశాను. ఇంకో వారానికి పైడమ్మ నా చెవి దగ్గరకొచ్చి గుసగుసలాడింది.

"ఆయమ్మ ఉట్టి మనిషి కాదమ్మా. నడక సూస్తే తెలీదేటి?"

ఇక్కడ నేను నవ్వుకోవాలి కదా? కంగారుపడ్డాను! పడి, "ఎన్నో నెలే?" అని పైడమ్మనే అడిగాను. అది వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, "అయిదు నిండినాది" అంది. మరి నూతిలోంచి నీళ్ళు ఎలా తోడుతోందో అని ఆ పూటంతా మనసు మనసులో లేదు.

అప్పుడొచ్చింది రూతమ్మ టీచరు. నేను పరుగెత్తిన ఆ రోజు పొద్దున్న. నేను మా ఇంటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్నాను. సన్యాసిరావు పక్కనే కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. తెల్లచీర, చేతిలో గొడుగు, వెనకాల మాటా పలుకూ లేని మొగుడు. శృంగవరపుకోట నుంచి వచ్చారట. మన మిషను బడిలో ఆవిడకి ఉద్యోగమట.

"అమ్మగారూ, స్టేషను వెనక పెంకుటిల్లు మీదేనని చెప్పారు. అద్దెకిస్తారేమోనని వచ్చాం."

మనిషిని చూస్తేనే తెలుస్తోంది, అద్దె ఒకటో తారీకు పొద్దున్నే తెచ్చి ఇచ్చే మనిషి. మేక లేదు. పంతుల్ని పోషించే ఆడబిడ్డలూ లేరు. నేనేం అన్నానో తెలుసా?

"అయ్యో, అందులో మనుషులున్నారమ్మా."

"ఖాళీ చేసే మాటేమైనా ఉందాండీ? ఊరంతా తిరిగాం. ఇల్లు దొరక్కపోతే ఈ ఉద్యోగం వదులుకోవాలి. సాయంత్రం పాసింజరుకి వెళ్ళిపోతాం."

"ఎలా చేయిస్తానమ్మా? పిల్ల ఉట్టి మనిషి కాదు. మొగుడు చూస్తే ఇంటి పట్టున ఉండడు. నీకు ఇల్లు కావాలని ఆ పిల్లని వీధిలో పెట్టమంటావా?"

రూతమ్మ మొహం చిన్నబోయింది. "తప్పయిందమ్మా, అలా అడక్కూడదు నేను" అని దండం పెట్టి వెళ్ళిపోయింది. సన్యాసిరావు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "మా పిన్నమ్మంటే ఏటనుకున్నారు! మాటిస్తే మాటే" అన్నాడు. నాకు గర్వంతో ఛాతీ పొంగింది.

నేను అబద్ధం ఆడలేదు సుమండీ! అదే నా గోల. వాళ్ళు గుమ్మం ముందు నిలబడి ఉన్నంతసేపూ నా ఇంట్లో నిజంగానే వరాలు ఉంది.

సాయంత్రం పైడమ్మ గిన్నెడు జున్ను పట్టుకొచ్చింది. ఆవు ఈనిందట. "మీ అద్దె ఆయమ్మకి ఇచ్చీ తల్లీ, కడుపుతో ఉన్నప్పుడు తినాలనుంటాది." నేను గిన్నె మీద ఆకు కప్పి బయల్దేరాను. దడి దాటి, పెరట్లోకి వెళ్ళి, తలుపు కొట్టాను.

"వరాలూ! తలుపు తియ్యే!"

పలకదు.

"వరాలూ! జున్ను తెచ్చానే, వేడిగా ఉంది, చెయ్యి కాలుతోంది!"

ఊహుఁ. నాకు కోపం వచ్చింది. సందెవేళ నిద్రేమిటి? దీపం కూడా పెట్టలేదు చూడు! గట్టిగా తలుపు తోశాను. గొలుసు గలగలమంది. చూద్దును కదా, తలుపుకి బయట తాళం!

ఆ తాళం చూడగానే నాకు తట్టిన మొదటి ఆలోచన ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. 'నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఊరెళ్ళిపోయిందా!'

అలా నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, కొంగు కోసం నడుము దగ్గర చెయ్యి పెట్టాను. చేతికి చల్లగా తగిలింది తాళంచెవి.

ఇక చూడండి! మెట్టు లేని చోట కాలు పెట్టడం కాదు, నూతిలోనే పడ్డట్టయింది. ఇల్లు ఖాళీ. ఖాళీ ఇల్లు ఇవ్వనని బంగారంలాంటి టీచర్ని పంపేశాను. అద్దె లేక, మనిషి లేక, ఇంకెన్నాళ్ళు పొగ పెడతాను? ఒకనాడు సన్యాసిరావు తలుపు తోస్తాడు. లేని మనిషికి నేను జున్ను పట్టుకెళ్ళానని తెలుస్తుంది. ఇల్లూ పోతుంది, బుర్రా పోయిందంటారు. అప్పుడు వినిపించింది పాసింజరు కూత. అంతే, పరుగు!

ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేసరికి బండి ఆగి ఉంది. ఒక్కొక్క కిటికీలో మొహం పెట్టి వెతికాను. ఒకాయన నా చేతిలో గిన్నె చూసి "జున్నెంత?" అని బేరం కూడా ఆడాడు. ఆఖరి పెట్టెకి ముందు పెట్టెలో, కిటికీ పక్కన తెల్లచీర!

"అమ్మా టీచరమ్మా! ఇల్లు ఖాళీ అయింది! దిగండి!"

రూతమ్మ తెల్లబోయింది. "పొద్దున్న మనుషులున్నారన్నారు?"

"వెళ్ళిపోయారు."

"ఎప్పుడండీ?"

"ఇప్పుడే."

"ఇంత హఠాత్తుగా ఎక్కడికి?"

ఆలోచించుకుంటే కదా! "ఈ బండికే ఎక్కారు" అనేశాను.

రూతమ్మ లేచి నిలబడింది. "ఈ బండికా? అయ్యో, కడుపుతో ఉన్న మనిషన్నారు! ఏ పెట్టెలో ఉంది? ఒంటరిగా కూర్చుందేమో, ముందు ఆ అమ్మాయిని చూసి వస్తాను!"

అంత మంచి మనిషి అనుకోలేదు. మంచివాళ్ళతో ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది.

"వద్దమ్మా! మొగుడు ఈ బండికి గార్డే, అతగాడి పెట్టెలోనే కూర్చోబెట్టుకున్నాడు."

అనేసి అటు చూశాను. రూతమ్మా చూసింది. గార్డు పెట్టె ముందు, పచ్చజెండా చంకలో పెట్టుకుని, నెరిసిన మీసాలు దువ్వుకుంటూ, నాకంటే పెద్దాయన ఒకడు దగ్గుతూ నిలబడి ఉన్నాడు.

రూతమ్మ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. "ఈయనా... ఆ అమ్మాయికి..." అని ఆగిపోయి, కళ్ళు మూసుకుని, "దేవుడా, ఆ బిడ్డని కాపాడు" అంది. నేను కూడా తల వంచుకుని నిలబడ్డాను. ఏం చెయ్యను మరి?

మాటా పలుకూ లేని మొగుడు మాత్రం ఈలోపల ట్రంకుపెట్టె కిందికి దింపేశాడు. ఊరంతా తిరిగి అరిగిన కాళ్ళవి. ఆ ముసలి గార్డు ఈల ఊది మా ముందునుంచే వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ నాకేసి పచ్చజెండా ఊపాడు. అలవాటుగా ఊపాడో, ఆయన ఆ గూడ్సు మీద కూడా పనిచేస్తాడో, నాకు తెలీదు. ఆ సంగతి ఆలోచించకూడదని నిర్ణయించుకున్నాను. రూతమ్మ చేతిలో జున్నుగిన్నె పెట్టి, "తాంబూలం తేలేదమ్మా, ఇదే తాంబూలం అనుకో" అన్నాను.

అలా ఇల్లు నిలబడింది. రూతమ్మ దంపతులు బాగున్నారు. కానీ నా పేరు చూడండి ఏమైందో! కడుపుతో ఉన్న పిల్లని సందెవేళ ఇంట్లోంచి గెంటేసి, పొద్దున్న అడిగినవాళ్ళకి సాయంత్రానికల్లా ఇల్లిచ్చేసిన రాకాసిని నేనిప్పుడు. సన్యాసిరావు వచ్చి అన్నాడు:

"నువ్విలాటి పని సేస్తావనుకోలేదు పిన్నమ్మా. మనసు రాయి సేసుకున్నావు. కానీ సెప్పొద్దూ, పొద్దున్న ఒక మాట, సాయంత్రానికి ఒక మాట... మా షావుకారికి కూడా ఇంత బుర్ర లేదు. నీకు మరుపేటి, నాకే ఉన్నాది మరుపు. ఆ తాళంచెవి నీకాడే ఉంచుకో."

ఉంచుకున్నాను.

పైడమ్మ మాత్రం మూడు పూటలు పాలు పొయ్యలేదు. నిన్న వచ్చి, చెంబు గుమ్మంలో పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని చెప్పింది.

"మీ వరాలు శ్రీకాకుళంలో ఉన్నాది. సంతకెళ్ళినప్పుడు సూసినాను. ఏదో ఇంట్లో దిగినాదట, ఆ ఇంటామె మా మంచిదట. కాలు కింద పెట్టనీదట. పిల్ల ఒళ్ళు సేసినాది."

ఒసే పైడమ్మా, అబద్ధాలకి అంతుండాలే, వరాలు లేదు, ఏమీ లేదు, అని అనాలి కదా నేను? అంత తెలివే ఉంటే ఇంత కథ ఎందుకు జరుగుతుంది! చెంబు అందుకుని, గొంతు తగ్గించి అడిగాను:

"నన్నేమైనా అడిగిందేటే?"

"నిన్నా? నీ పేరే ఎత్తలేదు."

నిన్నటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. అన్ని ముగ్గులు వేశానా, అన్ని దీపాలు పెట్టానా... ఇంతలోనే నన్ను మరిచిపోయిందండీ!